మీటింగు ఉంటేనే కారు

మీటింగుల వల్ల పనులు కావని తిట్టుకునేవాళ్లంతా ఒకసారి నస్పూర్ వెళ్లి కనకవ్వను కలవాలి. ఒక మీటింగు నడవలేని మనిషిని మంచిర్యాల దవాఖానకు చేర్చగలదు. నాలుగు గంటలు అక్కడే ఓపిగ్గా ఆగగలదు. మళ్లీ తెచ్చి ఇంటి గడప ముందు దింపగలదు. షేర్ ఆటో నా వల్ల కాదన్న పనిని మీటింగు చేసి చూపించింది. ఇంత ఉపకారిని పట్టుకుని టైం వేస్ట్ అంటారా?

కనకవ్వకు నలభై ఆరేళ్లు. బొగ్గు గని కార్మికుల కాలనీలో రోడ్లు ఊడ్చే కాంట్రాక్టు పని ఆమెది. ఉండేది మాత్రం ఆ క్వార్టర్లలో కాదు, ప్రహరీ అవతలి వాడకట్టులో, రేకుల ఇంట్లో. భర్త రాజలింగు పదహారేళ్లు బొగ్గు లోడింగు కూలీగా చేశాడు. రెండేళ్ల కిందట అతని కిడ్నీలు పనిచేయడం మానేశాయి. అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాలు మంచిర్యాలలో డయాలసిస్.

పోవడం ఎలాగోలా అయ్యేది. రావడమే గండం. నాలుగు గంటలు మంచం మీద ఉండి లేచాక రాజలింగుకు కాళ్లు తేలిపోయేవి. షేర్ ఆటో ఎనిమిది మంది నిండితే తప్ప కదలదు. నిండాక అతని వంతుకు వచ్చేది డ్రైవర్ పక్కన సగం సీటు, చేతికి పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ. డయాలసిస్ సూదులు గుచ్చిన చెయ్యి కూడా అదే. ఒకరోజు ఎండలో ఆటో కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. మోచెయ్యి కొట్టుకుపోయింది.

"ఏం కాలే. జర కూసుందామనుకున్న" అన్నాడు, కనకవ్వ లేపి కూర్చోబెట్టాక.

అలాంటి రోజుల్లో ఆ వాడకట్టు మలుపులో మూడు తెల్ల కార్లు వచ్చి నిలబడ్డాయి.

కార్లు జతబండి అనే కంపెనీవి. సొంత కారు లేనివాడు ఫోన్‌లో బుక్ చేసుకుని, ఫోన్‌తోనే తలుపు తెరుచుకుని, గంటల లెక్కన తానే నడుపుకుని, తిరిగి తెచ్చి అక్కడే పెట్టాలి. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగుల కోసం పుట్టిన కంపెనీ అది. ఎక్కడో సముద్రాల అవతలి ఫౌండేషన్ ఒకటి, ఈ సౌకర్యం తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కూడా న్యాయంగా అందేలా చూడండి అని దానికి నిధులిచ్చింది. న్యాయం చేయడానికి కంపెనీ వెతికి వెతికి నస్పూర్‌ను ఎంచుకుంది. కార్ల తలుపుల మీద పెద్ద అక్షరాలతో 'ఇది మీ కారే' అని రాయించింది.

పక్కింటి దీపిక ఆ మాట చదివి వినిపించింది. దీపిక డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వాడకట్టులో పగలకుండా పనిచేస్తున్న స్మార్ట్‌ఫోన్ ఆమెదే.

"నాదైతే తాళమెవ్వలకాడ ఉన్నది?" అని అడిగింది కనకవ్వ. ఆ కార్ల చుట్టూ రోజూ ఊడ్చేది ఆమే. చక్రాల కింద ఇరుక్కున్న ఆకులను వంగి లాగేది కూడా ఆమే. కార్లు తన సొంతమని అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సరే, ఉన్నది వాడుకోవాలి కదా అని ఒక ఆదివారం బుకింగుకు కూర్చున్నారు. దీపిక బాపు రాజేశం ట్రాలీ ఆటో నడుపుతాడు, లైసెన్సు ఉంది. మరునాడు పొద్దుట రాజలింగును తానే తీసుకుపోతానన్నాడు. ఫోన్ ముందు ముఖం పెట్టమంది యాప్. పెట్టాడు. లైసెన్సు మీది ఫొటో పన్నెండేళ్ల నాటిది. అందులో అతనికి జుట్టుంది. ఈ మనిషి ఆ మనిషి కాదని యాప్ తేల్చింది. నెత్తికి తువ్వాల చుట్టుకుని మళ్లీ చూపించాడు. అడ్డు తొలగించమంది. అయిదోసారికి విసిగిపోయిందో ఏమో, ఒప్పుకుంది.

తర్వాత క్రెడిట్ కార్డు అడిగింది. కార్డు లేనివాళ్ల కోసం ప్రత్యేక సౌకర్యం ఉంది, డిపాజిట్ కట్టవచ్చు. ఆ డిపాజిట్ కనకవ్వ మూడు నెలల జీతమంత. అది కట్టలేనివాళ్ల కోసం ఇంకో ప్రత్యేక సౌకర్యం ఉంది, క్రెడిట్ స్కోరు చూపిస్తే చాలు. రాజేశం జన్మలో బ్యాంకు అప్పు తీసుకోలేదు కాబట్టి అతనికి స్కోరే లేదు.

"అప్పు లేకపోవుడు గూడ తప్పేనా బిడ్డా?" అని కూతుర్ని అడిగాడు.

ఏమీ లేనివాళ్ల కోసం చివరగా కస్టమర్ కేర్ ఉంది. తెలుగు కోసం రెండు నొక్కమంది. నొక్కారు. పాట వచ్చింది. పాట అయ్యాక తెలుగు కోసం రెండు నొక్కమంది. ప్రతి మెట్టు దగ్గరా పేదవాడి కోసం ఇంతలా ఆలోచించిన యాప్ ఇంకొకటి ఉండదు. మెట్లు ఎక్కి పైకి పోతే మళ్లీ కిందికే రావడం ఒక్కటే చిన్న లోపం. సోమవారం రాజలింగు షేర్ ఆటోలోనే వెళ్లాడు.

రెండు నెలలు గడిచినా వాడకట్టు నుంచి ఒక్క బుకింగు రాలేదు. కంపెనీకి ఆశ్చర్యం వేసింది. కారణం కనుక్కోవడానికి మమతారాణిని పంపింది.

మమతారాణి కరీంనగర్ అమ్మాయి. ఇంక్లూజన్ మేనేజర్ అనే ఉద్యోగం. అంటే ఎవరికి ఏది అందడం లేదో కనుక్కుని పైవాళ్లకు చెప్పాలి. అందరినీ పేరు పెట్టి పలకరిస్తుంది, ఇచ్చిన టీ తాగుతుంది, కింద చాప మీద కూర్చుంటుంది. నిజంగా మంచి మనిషి. ఆమె మీద కోపం తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు. కంపెనీ ఆమెను ఊరికే ఏరుకోలేదు.

"మీరు కార్లు ఎందుకు తీసుకోవడం లేదమ్మా?" అని అడిగింది.

ఆడవాళ్లంతా కనకవ్వ వైపు చూశారు. మహిళా సంఘంలో బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడేది ఆమే.

"ఎట్ల తీసుకుంటం మేడం? మాకు తోలరాదు. తోలచ్చినోనికి స్కోరు లేదట. మాకాడ ఉన్నయి బటన్ ఫోన్లు. మీరొక మనిషిని పెట్టుండ్రి, ఫోన్ చేస్తే వస్తడు. ఒక్కలం మొత్తం కిరాయి ఇయ్యలేం, నలుగురం కూడి ఎక్కుతం, సీటుకింత అని తీసుకోండ్రి. గంతే."

మమతారాణి ప్రతి మాటా రాసుకుంది. రాసుకున్నాక, ఈ మాట మీరే పైకి చెప్పాలమ్మా అంది. అలా జతబండి వినియోగదారుల కమిటీ పుట్టింది. కనకవ్వ సభ్యురాలు. యువత తరఫున దీపిక. వృద్ధుల తరఫున పోచవ్వ, డెబ్బై దాటిన ముసలమ్మ, ఒక కంటికి శుక్లం.

మొదటి మీటింగు మంచిర్యాలలో ఏసీ హాలున్న హోటల్లో. సభ్యులను తీసుకురావడానికి జతబండి కారే వచ్చింది, సంపత్ అనే డ్రైవర్‌తో సహా. హాల్లో కనకవ్వ చెప్పిన మాటలను పసుపు కాగితాల మీద రాసి గోడకు అంటించారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు సార్లు, చాలా మంచి పాయింట్లమ్మా అన్నారు. భోజనంలో పనీరు పెట్టారు. సాయంత్రం కాగితాలు పీకి సంచిలో వేసుకుని వెళ్లిపోయారు.

రెండో మీటింగులో, మీ ఇబ్బందులేమిటమ్మా అని మొదటినుంచి అడిగారు. కనకవ్వ అవే మాటలు చెప్పింది. ఈసారి కాగితాలు ఆకుపచ్చవి. మూడో మీటింగులో గులాబీవి.

నాలుగో మీటింగు శుక్రవారం పెట్టారు.

"శుక్కురారం నేను రాను మేడం. మా ఆయనను దవాఖానకు తీస్కపోవాలె" అంది కనకవ్వ ఫోన్‌లో.

మమతారాణి కంగారుపడింది. నెలాఖరుకు రిపోర్టు పోవాలి. ముగ్గురు సభ్యులూ లేనిదే అది మీటింగు కింద లెక్కకు రాదు. ఎలాగైనా రమ్మని బతిమాలింది. కనకవ్వ కుదరదంది. 

"మరి మీటింగు దవాఖాన కాడనే పెట్టుకుంటే?" అంది కనకవ్వ.

మమతారాణి పైవాళ్లను అడిగి పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది. పైవాళ్లు పొంగిపోయారట. హోటల్ మీటింగు కన్నా ఇదే గొప్పదట, దీన్ని ఫీల్డ్ విజిట్ అంటారట.

శుక్రవారం పొద్దుట కారు వాడకట్టులోకి వచ్చింది. వెనుక సీట్లో రాజలింగు తల ఆనించి కూర్చున్నాడు. అతని పక్కన కనకవ్వ, ఆమె పక్కన దీపిక, ముందు సీట్లో పోచవ్వ. దవాఖాన బయటి బెంచీల మీద ఇరవై నిమిషాలు మీటింగు జరిగింది. ఫొటోలు దిగారు. బిస్కెట్లు తిన్నారు. కమిటీ సభ్యులను ఇంటి దగ్గర దింపేదాకా మీటింగు ముగిసినట్టు కాదు కాబట్టి, డయాలసిస్ అయ్యేదాకా కారు అక్కడే ఉంది. తిరుగుదారిలో రాజలింగు నిద్రపోయాడు. రెండేళ్లలో దవాఖాన నుంచి ఇంటికి వచ్చేటప్పుడు అతను నిద్రపోవడం కనకవ్వ చూడటం అదే మొదలు. ఇల్లు వచ్చాక కూడా కాసేపు లేపలేదు. సంపత్ ఇంజన్ ఆపి, ఏసీ ఆగిపోయిందని అద్దాలు దించాడు.

ఆ రాత్రి కమిటీ నియమాల పుస్తకాన్ని దీపిక చేత మొత్తం చదివించుకుంది కనకవ్వ. పదకొండో నియమం దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. ఏ సభ్యులైనా ఒకరోజు ముందు చెప్పి మీటింగు పిలవవచ్చు. స్థలం వాళ్లే నిర్ణయించవచ్చు. సభ్యులను, వారి సహాయకులను తీసుకెళ్లి తిరిగి దింపే బాధ్యత కంపెనీది.

"సహాయకులు అంటే ఎవరే?"

"నీ ఎంబడి వచ్చేటోళ్లు పెద్దమ్మా."

ఆదివారం కనకవ్వ మమతారాణికి ఫోన్ చేసి సోమవారం మీటింగు పిలిచింది. స్థలం, దవాఖాన ఎదుట. చర్చించే విషయం, పేదలకు కారు ఎలా అందాలి. మంగళవారం ఫోన్ చేసి బుధవారానికి పిలిచింది. గురువారం ఫోన్ చేసి శుక్రవారానికి.

వారం గడిచేసరికి ఆమె మనసులో ముల్లు గుచ్చుకుంది.

"ఇది మోసం గాదా?" అని భర్తను అడిగింది.

రాజలింగు ఆలోచించాడు. "మీటింగు అని చెప్పి మీటింగు వెట్టకపోతే మోసం. వెట్టు."

అందుకని కనకవ్వ ప్రతిసారీ నిజంగానే మీటింగు పెట్టింది. కారు మలుపు దాటగానే మొదలుపెట్టేది. ఈ కారు బీదోళ్లకు ఎట్ల అందాలె, చెప్పుండ్రి అనేది. ఒక్కొక్కరూ చెప్పేవాళ్లు. ఫోన్ చేస్తే రావాలి, తోలే మనిషి ఉండాలి, సీటు లెక్కన కిరాయి ఉండాలి, డిపాజిట్ అడగొద్దు. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమనేది. సంపత్‌ను కూడా అడిగేది.

"స్టీరింగు ఇడిసి చెయ్యెట్ల లేపాలె అక్కా?"

"తలకాయ ఊపు, సాలు."

దీపిక అదంతా కాగితం మీద రాసేది, సభ్యులు సంతకాలు పెట్టేవాళ్లు, పోచవ్వ వేలిముద్ర వేసేది. దవాఖాన వచ్చేసరికి తీర్మానం సిద్ధం. రాజలింగు మాత్రం మధ్యలో కునుకు తీసేవాడు. మీటింగులో నిద్రపోవడం తప్పు కదా అని దీపిక అంటే, హోటల్ మీటింగుల పెద్ద సారు గూడ గట్లనే పండిండు అంది కనకవ్వ.

సంగతి వాడకట్టులో పాకింది. శుక్లం ఉన్న కన్ను చూపించుకోవడానికి పోచవ్వ తరఫున మీటింగు ఒకటి కంటి డాక్టర్ ఇంటి ముందు జరిగింది. దీపిక పరీక్ష కరీంనగర్‌లో పడితే కమిటీ కరీంనగర్ దాకా కదిలింది, సహాయకులుగా అదే పరీక్ష రాసే ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో సహా. నెలలు నిండిన కోడలున్న ఇంటివాళ్లు కమిటీలో చేరతామని క్యూ కట్టారు. దేశంలో ఏ కమిటీకైనా ఇంత గిరాకీ ఉంటుందా? మీటింగంటే పారిపోయే జనం, మా ఇంటిముందు ఎప్పుడు పెడతావక్కా అని కనకవ్వను అడగసాగారు.

రాజలింగు ఒంట్లో కొంచెం తేట వచ్చింది. డయాలసిస్ తప్పిపోయిన రోజు ఒక్కటీ లేదు. సాయంత్రాలు గడపలో కూర్చుని నలుగురితో మాట్లాడుతున్నాడు.

హైదరాబాద్‌లో కంపెనీ ఉబ్బితబ్బిబ్బయింది. మిగతా ఊళ్లలో కమిటీలు నెలకోసారి కూడటమే గగనం. నస్పూర్ కమిటీ వారానికి మూడుసార్లు, ఒక్కో వారం అయిదుసార్లు కూడుతోంది. గ్రాఫు గీస్తే గీత కాగితం దాటిపోయింది. పేదల గొంతు ఇంత శ్రద్ధగా విన్నందుకు జతబండికి ఒక పురస్కారం కూడా వచ్చింది. మమతారాణి దాన్ని కనకవ్వకు చూపించడానికి తీసుకొచ్చింది. అద్దంతో చేసిన పెద్ద చెవి.

పోచవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని తడిమి చూసింది. "మంచిగున్నది బిడ్డా. మరి గీ చెవుకు వినవడుతదా?"

మమతారాణి నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. తొంభై దాకా వచ్చిన తీర్మానాలను ఆమె ఒక్కటీ తప్పకుండా పైకి పంపింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందాయి, ధన్యవాదాలు అన్న మెసేజ్ మాత్రం ప్రతిసారీ అదంతట అదే వచ్చేది.

ఎనిమిదో నెలలో ఫౌండేషన్ తరఫున భానుప్రసాద్ వచ్చాడు. ఇచ్చిన నిధులు సరిగా ఖర్చయ్యాయా అని చూసే పని ఆయనది. కాలనీ కమ్యూనిటీ హాల్లో కమిటీని కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ తెరిచాడు.

"ఎనిమిది నెలల్లో ఈ వాడకట్టు నుంచి కారు బుక్ చేసినవాళ్లు సున్నా. మీటింగులు తొంభై ఒకటి. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలమ్మా? మీకు కారు కావాలా, మీటింగు కావాలా?"

మమతారాణి నేల వైపు చూసింది. సంపత్ తలుపు దగ్గర నిలబడ్డాడు. కనకవ్వకు అబద్ధం చెప్పాలని అనిపించలేదు. అంతవరకు ఆమె చెప్పనూ లేదు.

"కారే కావాలె సార్. కారు మామూలుగ అడిగితే రాలే. మీటింగు అంటే వచ్చింది. గందుకే మీటింగు వెట్టినం. మా ఆయనకు కిడ్నీలు లేవు. గీ అయిదు నెల్లు మీ కారుల పోయి వచ్చిండు, సక్కగున్నడు. అబద్ధమాడితే ఏమొస్తది."

భానుప్రసాద్ ల్యాప్‌టాప్‌లో ఏదో రాసుకున్నాడు. కనకవ్వే మళ్లీ మాట్లాడింది.

"ఒక్క మాట సార్. ఫోన్ చేస్తే బండి వస్తున్నది. సంపత్ తోలుతుండు. నలుగురం కూడి ఎక్కుతున్నం. డిపాజిట్ ఎవ్వలు అడుగుతలేరు. మేము మొదటి దినం సంది అడిగింది గిదే. మీరు అయిదు నెలల సంది నడుపుతనే ఉన్నరు. దానికి మీటింగు అని పేరు వెట్టిండ్రు, గంతే. పేరు తీసేసి సీటుకింత కిరాయి పెట్టుండ్రి. ఇస్తం. ఆటోకిచ్చే పైసలు మీకే ఇస్తం."

 భానుప్రసాద్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు అర్థమైందని అందరికీ తెలుస్తూనే ఉంది.

"మీరు చెప్పింది బాగుందమ్మా. కానీ డ్రైవర్ ఉంటే దాన్ని కార్ షేరింగ్ అనరు."

"ఏమంటరు?"

"టాక్సీ అంటారు."

"ఏ పేరు వెట్టినా ఎక్కుతం సార్."

"మా నిధులు కార్ షేరింగ్‌కే. టాక్సీ మా పరిధిలోకి రాదు."

"మరి మీటింగు?"

భానుప్రసాద్ కొంచెం తటపటాయించాడు. "మీటింగు వస్తుంది" అన్నాడు.

ఆయన వెళ్లిన రెండు వారాలకు నిర్ణయం వచ్చింది. వాడకం లేనందున నస్పూర్ నుంచి కార్లు తీసేస్తారు. కమిటీ మాత్రం కొనసాగుతుంది, మీటింగులు ఇకమీద ఆన్‌లైన్‌లో. రెండు కార్లను లారీ మీదికెక్కించి తీసుకుపోయారు. ప్రాజెక్టు మూసే పనుల కోసం మూడోది మమతారాణి దగ్గర ఉంచారు. మలుపు దగ్గర నూనె మరకలు మిగిలాయి. వాటిని ఎంత ఊడ్చినా పోలేదు.

సోమవారం రాజలింగు మళ్లీ షేర్ ఆటో ఎక్కాడు. పోయేటప్పుడు బాగానే పోయాడు. వచ్చేటప్పుడు సగం దారిలో కడుపులో తిప్పి, ఆటోలోనే వాంతి చేసుకున్నాడు. పక్కన కూర్చున్న ఆమె చీర పాడైంది. ఎవరూ పెద్దగా తిట్టలేదు, కానీ ఆటో ఆగింది. జర దిగుండ్రక్కా, వెనుకొచ్చే ఆటోల రండ్రి అన్నాడు డ్రైవర్. వెనుక వచ్చిన ఆటోలు అన్నీ నిండి ఉన్నాయి. రోడ్డు పక్క మైలురాయి మీద భర్తను కూర్చోబెట్టి, కొంగు తడిపి ముఖం తుడిచి, ఎండ పడకుండా అడ్డంగా నిలబడింది కనకవ్వ. బొగ్గు టిప్పర్లు దుమ్ము లేపుతూ పోతున్నాయి.

"జర మీటింగు వెట్టరాదే" అన్నాడు రాజలింగు, కళ్లు తెరవకుండానే.

కనకవ్వకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది. దాన్ని కూడా కొంగుతోనే తుడుచుకుంది. ఫోన్ చేస్తే ముప్పావు గంటకు రాజేశం ట్రాలీ ఆటోతో వచ్చి, ఇద్దరినీ సిమెంటు బస్తాల పక్కన కూర్చోబెట్టుకుని ఇల్లు చేర్చాడు. బుధవారం నేను రాను అన్నాడు రాజలింగు. బతిమాలి తీసుకుపోయేసరికి కనకవ్వకు తలప్రాణం తోకకు వచ్చింది. శుక్రవారం అతను నిజంగానే వెళ్లలేదు. ఆదివారానికి కాళ్లు ఉబ్బాయి.

ఆ ఆదివారం సాయంత్రమే మమతారాణి వచ్చింది. చేతిలో లావుపాటి రిపోర్టు. ముఖం పీక్కుపోయి ఉంది. రాజలింగు ఉబ్బిన కాళ్ల వైపు చూసింది. తర్వాత చాప మీద కూర్చుని సంగతి చెప్పింది. ప్రాజెక్టు మూతపడాలంటే, కంపెనీకి చివరి విడత నిధులు రావాలంటే, ఈ రిపోర్టు మీద కమిటీ సభ్యుల సంతకాలు కావాలి. ఊరికే పెట్టడం కాదు. సభ్యులకు వాళ్ల భాషలో చదివి వినిపించాలి. చివర 'చదివి వినిపించగా విని అర్థం చేసుకున్నాను' అని ఉంటుంది. దాని కింద సంతకం.

"ఎన్ని పేజీలున్నయి మేడం?"

"అరవై రెండు. అనుబంధాలు వేరే."

కనకవ్వ రిపోర్టును చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది. పేజీలు తిప్పింది. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య రంగు గీతలు.

"సదువకుండ సంతకం పెట్టుడు తప్పు మేడం" అంది. "మొత్తం ఒక్కసారి సదివితే నాకు ఎక్కదు. పూటకొక్క పేజీ సదివి చెప్పుండ్రి. పనిల ఉంట గదా, నాకు తీరేది దవాఖానకు పోయేటప్పుడే. సోమారం, బుధారం, శుక్కురారం. కారుల కూసుండి సదువుకుందాం."

మమతారాణి కాసేపు ఆమె ముఖం వైపే చూసింది. తర్వాత ఫోన్ తీసి సంపత్‌కు చేసింది. "రేపు పొద్దున ఎనిమిదింటికి నస్పూర్ రావాలి" అంది. పైవాళ్లను అడగలేదు.

సోమవారం మొదటి పేజీ అయింది. అది అట్ట. బుధవారం రెండోది, విషయసూచిక. మమతారాణి ఇంగ్లీషు వాక్యం చదివి, దాన్ని తెలుగులోకి మార్చి, ఆ తెలుగును కరీంనగర్ మాటల్లోకి మళ్లీ మార్చి చెప్పేది. మొదట్లో గబగబా చదివేది. మూడో పేజీ నుంచి నెమ్మదించింది. అయిదో పేజీకి వచ్చేసరికి, ఎదురుగా టిప్పర్ వస్తే చదవడం ఆపి అది వెళ్లేదాకా ఆగుతోంది. పోచవ్వ, నాకు వినవడలే బిడ్డా అంటే మొదటినుంచి అందుకుంటోంది. హైదరాబాద్ నుంచి రోజూ ఫోన్ వస్తోంది. సభ్యులు చాలా లోతుగా చదువుతున్నారు సార్, తొందరపెడితే బాగుండదు అని చెబుతోంది. అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు.

మూడు వారాలకు రాజలింగు కాళ్ల వాపు తగ్గింది. ఇప్పుడు అతను కూడా వింటున్నాడు. ఒక్కోసారి అర్థం అడుగుతున్నాడు.

తొమ్మిదో పేజీ ముఖ్యమైన ఫలితాలది. ఆ బుధవారం కారు మంచిర్యాల సెంటర్ దాటి దవాఖాన వైపు తిరిగింది. మమతారాణి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, వేలు పెట్టి చదివింది.

"తక్కువ ఆదాయ వర్గాలకు కారు అవసరం లేదని ఈ అధ్యయనంలో స్పష్టంగా తేలింది."

కారు దవాఖాన గేటులోకి పోయి మెట్ల ముందు ఆగింది. సంపత్ దిగి వెనుక తలుపు తీశాడు. రాజలింగు అతని భుజం పట్టుకుని మెల్లగా కాళ్లు కింద పెట్టాడు. కనకవ్వ అతని సంచి, నీళ్ల సీసా తీసుకుంది.

"గీ మాట నాకు సమజ్ కాలే మేడం" అంది. "శుక్కురారం మల్ల సదువుండ్రి."